ఏఐబీఈ పాసైన చేత్తోనే ఎంపీఆర్ఈ రాసేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ పూర్తిచేసి, లాయర్‌గా ప్రాక్టీసు చేయడానికి మన దగ్గర రాసే ఏఐబీఈ (ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్) పాసై, రెండేళ్లుగా విజయవాడలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాను. ఆగస్టులో ఎల్ఎల్ఎం చదవడానికి న్యూయార్క్ వెళ్తున్నాను. అక్కడ లాయర్‌గా నమోదు కావాలంటే బార్ పరీక్షతో పాటు ఎంపీఆర్ఈ అనే ఎథిక్స్ పరీక్ష కూడా పాసవ్వాలట. ‘ఎథిక్సే కదా, రెండ్రోజులు చదివితే చాలు’ అంటోంది అక్కడే లా చదివిన మా పిన్ని కూతురు. నమూనా ప్రశ్నలు చేసి చూస్తే సగం తప్పులు. అవి కూడా నాకు బాగా తెలుసు అనుకున్నవే. టెన్షన్‌గా ఉంది. ఎలా చదవాలి, ఎప్పుడు రాయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తెలుసనుకున్నవే తప్పాయన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. మీకు మన బార్ కౌన్సిల్ రూల్స్ ఒంటబట్టాయి. రెండేళ్లు కోర్టులో తిరిగారు కాబట్టి ఏది మర్యాదో, ఏది తప్పో ఆలోచించకుండానే చెప్పగలరు. ఆ అలవాటే ఇక్కడ మార్కులు పోగొడుతోంది. మీ చెల్లో అక్కో చెప్పిన రెండ్రోజుల లెక్క అబద్ధమేమీ కాదు. ఒక సెమిస్టరంతా ప్రొఫెషనల్ రెస్పాన్సిబిలిటీ (లాయర్ల వృత్తి నియమాలు) క్లాసులో కూర్చుని వచ్చినవాళ్లకు అది చాలవచ్చు. మీకు చాలదు.

ముందు పరీక్ష సంగతి. 60 బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండు గంటలు. వాటిలో 50కే మార్కులు. మిగతా 10 ప్రయోగాత్మకంగా పెట్టేవి, కానీ ఏవి ఆ పదో మీకు తెలియదు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. స్కోరు 50 నుంచి 150 వరకు ఉండే స్కేలు మీద ఇస్తారు. న్యూయార్క్‌కు 85 కావాలి, కాలిఫోర్నియాకు 86. ఇది 85 శాతం అనుకుని చాలామంది బెంబేలెత్తిపోతారు. అది శాతం కాదు. ఏఐబీఈలో నోట్స్ లేని బేర్ యాక్ట్ (చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకం) బల్ల మీద పెట్టుకున్నారు, ఇక్కడ ఆ సదుపాయం లేదు. అక్కడ ఎథిక్స్‌కు 100లో 4 మార్కులే. నిజం చెప్పండి, ఆ నాలుగూ ఎవరు చదివారు?

ఈ పరీక్షకు ఆధారం అమెరికన్ బార్ అసోసియేషన్ తయారుచేసిన మోడల్ రూల్స్, జడ్జీల ప్రవర్తనకు సంబంధించిన మోడల్ కోడ్. న్యూయార్క్ రాష్ట్రానికి సొంత రూల్స్ వేరే ఉన్నాయి, కొన్నిచోట్ల అవి మోడల్ రూల్స్‌తో కలవవు. కాబట్టి అక్కడ ప్రాక్టీసు చేస్తున్న మనవాళ్లు ‘మేమిలా చేస్తాం’ అని చెప్పినా పరీక్ష అయ్యేదాకా పక్కన పెట్టండి.

ఇక మీ తప్పులు ఎక్కడ వస్తున్నాయో ఊహించగలను. ఫీజుతో మొదలుపెడదాం. కేసు గెలిస్తే వచ్చే డబ్బులో వాటా తీసుకోవడం మన దగ్గర నిషిద్ధం, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 20వ రూల్ చెప్పేది అదే. కోర్టు కారిడార్లో ఏం జరుగుతుందన్నది వేరే కథ, రూలు మాత్రం అది. అమెరికాలో యాక్సిడెంట్ కేసులో గెలిస్తే మూడో వంతు ఇవ్వాలని ఒప్పందం రాసుకోవడం మామూలు విషయం. అయితే అది రాతపూర్వకంగా ఉండాలి, క్లయింటు సంతకం ఉండాలి. క్రిమినల్ కేసులో నిందితుడి తరఫున ఇలాంటి ఒప్పందం కుదరదు. విడాకులు ఇప్పిస్తే ఇంత, భరణం ఇంత వస్తే అందులో ఇంత అన్నా కుదరదు. అదే గంటల లెక్కన తీసుకునే ఫీజైతే రాసుకోవడం మంచిది అంటారే తప్ప, ప్రతిసారీ రాసుకోవాల్సిందే అనరు. ప్రశ్న సరిగ్గా ఈ సందులోంచే వస్తుంది.

ప్రకటనలూ అంతే. లాయర్ల ప్రకటనలను నిషేధించే మన 36వ రూలు చదివినవాళ్లకు టీవీలో లాయర్ ప్రకటన అనగానే ‘తప్పు’ అని చెయ్యి దానంతటదే పోతుంది. అక్కడ 1977లో బేట్స్ కేసులో సుప్రీంకోర్టు ప్రకటనలకు దారి తెరిచింది. అబద్ధం, తప్పుదోవ పట్టించే మాట లేకపోతే చాలు. కానీ ఆస్పత్రి మంచం దగ్గరికి వెళ్లి, ముక్కూమొహం తెలియని బాధితుణ్ని ‘కేసు నాకివ్వండి’ అని సొమ్ము కోసం అడిగితే చర్య తప్పదు. ఆ బాధితుడు సొంత తమ్ముడైతే అడగొచ్చు.

ఫీజు ఇవ్వని క్లయింటు ఫైలును లాయర్ పట్టుకు కూర్చోకూడదని 2000లో ఆర్.డి.సక్సేనా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. మోడల్ రూల్స్ మాత్రం, ఇతర చట్టం ఒప్పుకున్నంత మేరకు కాగితాలు ఉంచుకోవచ్చు అంటాయి.

ఇవి రెండు దేశాల మధ్య తేడాలు. వీటికంటే కష్టమైనది మీ మనస్సాక్షికీ రూలుకూ మధ్య తేడా. నేను అల్లిన ఈ రెండు ప్రశ్నలు చూడండి.

ఒకటి: క్లయింటు తన పాత భాగస్వామిని చంపబోతున్నానని లాయర్‌తో అన్నాడు. అన్నంత పనీ చేస్తాడని లాయర్‌కు గట్టిగా అనిపించింది. అయినా ఎవరికీ చెప్పలేదు. హత్య జరిగింది. లాయర్ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చా?

రెండు: సివిల్ కేసులో క్లయింటు బోనెక్కి ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పాడు. మర్నాడు లాయర్‌కు అది తెలిసింది. విచారణ ఇంకా నడుస్తోంది. సరిదిద్దుకోమని చెబితే క్లయింటు వినలేదు. రహస్యం కాపాడటం తన ధర్మం అనుకుని లాయర్ ఊరుకున్నాడు. చర్య తీసుకోవచ్చా?

మొదటిదానికి ‘తీసుకోవచ్చు’, రెండోదానికి ‘కూడదు’ అని పెట్టాలనిపిస్తుంది. రెండూ తప్పే. ప్రాణం పోయే ప్రమాదం ఉన్నప్పుడు లాయర్ రహస్యం బయటపెట్టవచ్చు అంటుంది 1.6 రూలు. పెట్టి తీరాలని అనదు. కోర్టు ముందు అబద్ధపు సాక్ష్యం విషయంలో 3.3 రూలు అలా వదిలిపెట్టదు, సరిదిద్ది తీరాలి, అవసరమైతే కోర్టుకు చెప్పేయాలి. ఒక మనిషి ప్రాణం కంటే కోర్టు రికార్డు ఎక్కువా అని మీకు కోపం రావచ్చు. నాకూ ఆ రూలు మింగుడుపడదు. ఆ కోపం పరీక్ష అయ్యాక పడదాం. మంచి మనిషి ఏం చేస్తాడని ఈ పరీక్ష అడగదు. ఎక్కడిదాకా వెళ్తే లైసెన్సుకు ముప్పు లేదు, ఎక్కడ దాటితే ముప్పు అన్నదే అడుగుతుంది.

అందుకే చదివే పద్ధతి మార్చండి. మోడల్ రూల్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ప్రతి రూలు కింద వివరణలు ఉంటాయి, వాటిని దాటేయకండి, ప్రశ్నలు చాలావరకు అక్కడినుంచే వస్తాయి. ఒక నోట్‌బుక్‌లో పేజీ మధ్యకు గీత కొట్టి ఎడమవైపు మన రూలు, కుడివైపు వాళ్ల రూలు రాయండి. రెండూ ఒకటే అయినచోట ఏమీ రాయొద్దు, తేడా ఉన్నచోటే రాయండి. ఎక్కువ సమయం ప్రయోజనాల వైరుధ్యానికి (ఒక క్లయింటు మేలు ఇంకో క్లయింటు మేలుకో, లాయర్ సొంత మేలుకో అడ్డురావడం) ఇవ్వండి, 12 నుంచి 18 శాతం ప్రశ్నలు దానిమీదే. ఇందులో మీకు కొత్తగా అనిపించేది ఒకటుంది: ఆఫీసులో ఒక లాయర్‌కు అడ్డొచ్చిన కేసు సాధారణంగా ఆ ఆఫీసులో అందరికీ అడ్డే. ఒకే సీనియర్ గదిలో పదిమంది జూనియర్లు ఎవరి వకాల్తా వాళ్లు వేసుకునే మన వాతావరణం నుంచి వెళ్లినవాళ్లకు ఇది ఎక్కడానికి టైమ్ పడుతుంది. జడ్జీల కోడ్ చివర్లో చదివినా ఫర్వాలేదు.

ప్రశ్న చేసేటప్పుడు చివరి వాక్యం ముందు చదవండి. క్రమశిక్షణ చర్య గురించి అడుగుతున్నారా, కేసు నుంచి తప్పించడం గురించా, నష్టపరిహార దావా గురించా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. జవాబుల్లో చాలాసార్లు రెండు అవును, రెండు కాదు ఉంటాయి. అవునో కాదో సరిగ్గా పట్టుకున్నా కారణం తప్పైతే మార్కు లేదు. రోజుకు గంటన్నర చొప్పున ఐదు వారాలు చాలు. అక్కడి పెద్ద బార్ కోచింగ్ సంస్థలు ఈ ఒక్క పరీక్షకు ఉచితంగానే కోర్సు ఇస్తాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరైనా కన్సల్టెన్సీవాళ్లు దీనికి ప్యాకేజీ అంటే నవ్వి వచ్చేయండి.

పరీక్ష ఏటా మార్చి, ఆగస్టు, నవంబరుల్లో ఉంటుంది. ఎల్ఎల్ఎం ద్వారా న్యూయార్క్ బార్‌కు అర్హత కావాలంటే అందులో ఎలాగూ రెండు క్రెడిట్ల ప్రొఫెషనల్ రెస్పాన్సిబిలిటీ కోర్సు చేయాలి. అది మొదటి సెమిస్టర్‌లోనే తీసుకుని నవంబరులో రాసేయండి. తేడా కొడితే మార్చి ఉంటుంది. ఆ తర్వాత జులై బార్ పరీక్ష వరకు మీకు ఊపిరి సలపదు.

మీరు అడగలేదు గానీ దీనికంటే తొందరైన పని ఒకటుంది. విదేశీ లా డిగ్రీ ఉన్నవాళ్ల అర్హతను న్యూయార్క్ బార్ ఎగ్జామినర్ల బోర్డు ముందుగా పరిశీలిస్తుంది, దానికి నెలలు పడుతుంది. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ మీ చేతికిచ్చిన కాపీ పనికిరాదు, మీ యూనివర్సిటీయే నేరుగా బోర్డుకు పంపాలి. మన పరీక్షల విభాగాల్లో ఇలాంటి కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కదలాలంటే మనిషి ఎదురుగా నిలబడాలని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆగస్టులో విమానమెక్కి ఈ పని నాన్నగారి మీద వదిలేయకండి. దరఖాస్తు ఈ వారమే పెట్టి, రసీదు తీసుకుని, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ స్కాన్ కాపీతో పాటు దగ్గర ఉంచుకోండి.