పండుగప్పలన్నీ మగవే, జన ఏది?

ప్రశ్న: ఉప్పునీటి చెరువులో మూడేళ్లుగా పండుగప్ప పెంచుతున్నాను. ఒక్కోటి మూడు కిలోల దాకా వచ్చింది. పది చేపలు కోసి చూస్తే ఒక్కదానిలోనూ జన (కడుపులోని గుడ్లు) లేదు. కొన్నిట్లో తెల్లటి పాలు (వీర్యం) మాత్రం వచ్చాయి. నాకు మగ పిల్లలే అంటగట్టారా? చెరువులోనే గుడ్లు పెట్టించుకోవచ్చా?

జవాబు: మోసమేమీ జరగలేదు, టెన్షన్ పడకండి. మీ చేపలు ఇంకా ఆడవి కాలేదు, అంతే. పండుగప్ప సాధారణంగా మూడు నాలుగేళ్లకు మగదిగా పక్వానికి వస్తుంది. కొంతకాలం అలా గడిపాక అదే చేప ఆడదవుతుంది. వృషణం క్రమంగా కరిగిపోయి, ఆ చోట అండాశయం తయారవుతుంది. ఆరేళ్లు దాటి, 80 సెంటీమీటర్లు పైబడిన వాటిలోనే ఆడవి ఎక్కువగా కనిపిస్తాయి. పెంపకంలో కొన్ని ముందే మారతాయి. అరుదుగా మొదటి నుంచీ ఆడగానే ఎదిగేవీ ఉంటాయి. వేలెడంత పిల్లను చూసి ఆడో మగో చెప్పడం ఎవరి తరమూ కాదు. ‘ఆడపిల్లల సీడ్’ (పెంపకానికి అమ్మే చేపపిల్లలు) అంటూ ఎవరైనా ఎక్కువ ధర చెబితే కొనకండి.

ఈ మార్పులో ఒక లెక్క ఉంది. చిన్న ఒంటితో కూడా కావలసినంత వీర్యం ఇవ్వచ్చు. జన మోయాలంటే మాత్రం పెద్ద పొట్ట కావాలి. పెద్ద తల్లి చేప లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే సముద్రంలో పెద్ద చేపలన్నీ పట్టేస్తే పోయేది తల్లులే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల కన్నా చిన్నవాటినే కాదు, 120 దాటినవాటినీ నీళ్లలోకి వదిలేయాలని నిబంధన పెట్టారు.

ఇక చెరువులో గుడ్ల సంగతి. ఆ ఆశ వదులుకోండి. ఈ చేప మంచినీటిలోనూ పెరుగుతుంది కానీ, గుడ్లు పెట్టడానికి నది మొగలకు, తీరానికి దిగుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో, పొద్దుగూకాక, పోటు ఎక్కేటప్పుడు గుడ్లు వదులుతుంది. ఆ పోటే గుడ్లనూ పిల్లలనూ మడ అడవుల వైపు తోసుకుపోతుంది. గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. 28 నుంచి 35 పీపీటీ (లీటరు నీటికి సుమారు అన్ని గ్రాముల ఉప్పు) ఉప్పదనంలో తేలుతుంది, ఉప్పు తగ్గితే అడుగుకు దిగి పాడవుతుంది. నీరు 28 డిగ్రీలుంటే 17, 18 గంటల్లో పిల్ల బయటికి వస్తుంది. హేచరీల్లో తల్లి చేప నుంచి సన్నటి గొట్టంతో కాస్త జన తీసి, గుడ్డు సైజు చూసి, సరిపోతేనే గుడ్లు వదలడానికి హార్మోన్ ఇస్తారు. ఒక్కో ఆడచేపకు రెండు మగవి వదులుతారు. పిల్లలకు రోటిఫర్లు, ఆర్టీమియా అనే సూక్ష్మ జీవులను మేతగా పెంచి పెట్టాలి. ఇదంతా వేరే పని, వేరే ఖర్చు.

జన కోసం మరో మూడేళ్లు మేత పోస్తే మిగిలేది అప్పే. మార్కెట్ సైజు వచ్చినవి అమ్మేయండి. బాగా ఎదిగిన నాలుగైదింటిని ఉంచుకోవాలనిపిస్తే వాటికి సముద్రపు నీరు అందే తొట్టె కావాలి, తాజా చేప మేతగా ఇవ్వాలి. కొత్త సీడ్ వేసినప్పుడు మాత్రం వారం వారం సైజుల వారీగా వేరు చేయండి. పండుగప్ప పిల్ల తనలో సగం పొడవున్న పిల్లను కూడా మింగేస్తుంది.