ఊటీ కొండరైలు: టికెట్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ప్రశ్న: మార్చిలో అమ్మానాన్నలతో ఊటీ వెళ్దామనుకుంటున్నాం. ఆవిరి ఇంజన్ బండి ఎక్కాలని నాన్నగారి కోరిక. మెట్టుపాళయం నుంచి సీట్లు లేవు, కూనూర్ నుంచి ఊటీకి మాత్రం ఉన్నాయి. తీసుకోవచ్చా? బ్రిటిష్ కాలపు కట్టడాల్లో ఏవి చూడాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆవిరి ఇంజనే కావాలంటే ఆ టికెట్ వద్దు. కూనూర్ దాటాక మామూలుగా డీజిల్ ఇంజనే ఉంటుంది. అసలు చూడాల్సింది మెట్టుపాళయం దాటాక వచ్చే కల్లార్ నుంచి కూనూర్ దాకా ఎక్కే ఘాట్. అక్కడ కొన్నిచోట్ల సుమారు పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. అంత వాలులో నున్నటి చక్రం జారిపోతుంది. అందుకని పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప పట్టీలు బిగించారు. ఇంజన్ కింది పళ్ళచక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. ఇంజన్ వెనకనుండి నెడుతుంది కాబట్టి ముందు పెట్టెలో కూర్చున్నవారికి దారంతా కనిపిస్తుంది, పొగ బాధా తక్కువ. 1899లో కూనూర్ దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను ఇది.

బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. స్టేషన్ పేరు ‘ఉదగమండలం’ అని వెతకండి. పైకి సీట్లు దొరక్కపోతే మధ్యాహ్నం ఊటీలో బయల్దేరి మెట్టుపాళయం దిగే బండి చూడండి. కూనూర్ నుంచి కిందికి అదే ఆవిరి ఇంజన్, అదే దారి. కాకపోతే ఎక్కేటప్పుడు ఇంజన్ పడే ఆయాసం, ఆ చప్పుడు ఉండవు. వాటికోసమే వెళ్ళేవాళ్ళకు అది పెద్ద లోటే.

పైకి సీటు దొరికితే చెన్నైలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఉదయం ఆరు దాటాక మెట్టుపాళయంలో దింపుతుంది, కొండరైలు 7.10కి. మొత్తం 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు. పెట్టెల్లో టాయిలెట్ ఉండదు, పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే కొండచరియలు విరిగిపడి సర్వీసులు తరచూ రద్దవుతాయి, మార్చికి ఆ బెడద తక్కువ.

సొంత కారులోనో టాక్సీలోనో వెళ్తే తమిళనాడు ఈ-పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రైలుకూ ప్రభుత్వ బస్సుకూ అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నీలగిరుల్లో నిషిద్ధం, స్టీలు సీసా పట్టుకెళ్ళండి.

కట్టడాలంటే మొదట సెయింట్ స్టీఫెన్స్ చర్చి. 1830 నాటిది. దాని దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు మహల్ నుంచి ఊడదీసి తెచ్చినవి, తలెత్తి చూడండి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, మరో రోజు వెళ్ళండి. తర్వాత 1848లో మెక్ ఐవర్ అనే బ్రిటిష్ ఉద్యాన నిపుణుడు తీర్చిన బొటానికల్ గార్డెన్. పైకి వెళ్ళేకొద్దీ ఎత్తు, మోకాళ్ళ నొప్పులుంటే కింది పచ్చిక దగ్గరే ఆగిపోవచ్చు. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1822లో మొదలుపెట్టిన స్టోన్‌హౌస్ ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణలో ఉంది. బయటి నుంచి చూసి రావడమే. అతన్నే ఊటీని ‘కనిపెట్టినవాడు’ అంటారు గానీ, తోడాలు, బడగలు అప్పటికే అక్కడ కాపురం ఉన్నారు.