రోజూ ఇంత చాక్లెట్ తినే అలవాటు మానుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే రెండు ముక్కలు చాక్లెట్ తింటాను, ఇంట్లో వాళ్లు "చిన్నపిల్లవా ఏంది?" అని నవ్వుతారు, తిన్నాక నాకూ తప్పు చేసినట్టే అనిపిస్తుంది, మానేయాలా అని. నాది కూడా అచ్చం ఇదే అలవాటు కాబట్టి రాస్తున్నాను. మాది పాలమూరు. సర్కారు బడిలో పదహారేళ్లుగా టీచర్‌ని. డాక్టర్‌ని కాదు, అది ముందే చెప్తున్నా.

మానేయకండి. మానాల్సింది వేరే ఉంటుంది. అదేదో కనుక్కోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

నాలుగేళ్ల కింద బరువు చూసుకుంటే పెళ్లినాటికంటే పద్నాలుగు కిలోలు ఎక్కువ చూపించింది. మా నాయనకు షుగరు ఉంది, ఆ భయం ఒకటి. అదేరోజు చాక్లెట్ బంద్ పెట్టాను. మన తిండిలో తప్పు వెతకమంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే కదా. రెండు నెలలు ముట్టలేదు. బరువు ఇసుమంతైనా కదల్లేదు. పిల్లల నోట్‌బుక్కుల మీద ఎర్ర పెన్ను గట్టిగా గీకడం, ఇంటికొచ్చి మా ఆయన మీద ఊరికే కస్సుమనడం మాత్రం పెరిగాయి.

ఇట్ల కాదని, పిల్లలకు లెక్కల ప్రాజెక్టు ఇచ్చినట్టు నాకు నేనే ఒకటి ఇచ్చుకున్నాను. లెసన్ ప్లాన్ డైరీ వెనక పేజీల్లో ఏడు రోజులు, నోట్లోకి పోయిన తీపి ప్రతిదీ రాశాను. దాచకుండా రాశాను.

ముందు చాయ్ సంగతి. ఇంట్లో రెండు, బడిలో ఇంటర్వెల్‌కు ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. కప్పుకు రెండు చెంచాలంటే రోజుకు ఎనిమిది. బడి ఎదురుగా ఉన్న హోటల్ నుంచి వచ్చే చాయ్ అయితే అది చాయ్ కాదు, పాకం. చెంచాకు నాలుగు నుంచి ఐదు గ్రాములు వేసుకున్నా చాయ్ లెక్కే 30 గ్రాములు దాటుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు విడిగా కలుపుకునే చక్కెర 20 నుంచి 25 గ్రాముల లోపు ఉండాలని చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది కూడా దగ్గర దగ్గర అంతే: తినే మొత్తం శక్తిలో చక్కెర పది శాతం దాటొద్దు, ఐదు శాతం లోపైతే ఇంకా మంచిది. ఆ ఐదు శాతం అంటే మామూలు మనిషికి ఆరు చెంచాలు. నేను ఆ గీత ఉత్త చాయ్‌తోనే దాటేస్తున్నాను.

ఇక పుట్టినరోజులు. మా బడిలో నూట ఎనభై మంది పిల్లలు. అంటే సగటున రెండు రోజులకొక పుట్టినరోజు. యూనిఫాం లేకుండా కొత్త బట్టలేసుకుని, చాక్లెట్ ప్యాకెట్ పట్టుకుని, తోడుకొక సోపతిగాన్ని తీసుకుని క్లాసు క్లాసు తిరుగుతారు. పిల్లలకు ఒక్కోటి, టీచర్లకు రెండేసి. వద్దంటే ఆ ముఖం చూడలేం. తీసుకుని, పేపర్లు దిద్దుకుంటూ నోట్లో వేసుకుంటాం. ఆ వారం శుక్రవారం నాడు డ్రాయర్‌లో ఖాళీ రేపర్లు లెక్కపెడితే పదకొండు. ఒక్కదాని రుచి కూడా గుర్తులేదు నాకు.

అసలు మనం వాటిని చాక్లెట్ అంటాం గానీ వాటిలో చాలావాటికి కోకో వాసన కూడా తగిలి ఉండదు. రేపర్ చుట్టి ఉన్న ప్రతి బిళ్లా మనకు చాక్లెట్టే. మా చిన్నప్పుడు కిరాణం కొట్టులో సీసాల్లో ఉండే చిత్తూరు న్యూట్రిన్ వాళ్ల ఆశ, మహాలాక్టో కూడా చాక్లెట్లే. చిల్లర లేదంటే చేతిలో పెట్టేదీ చాక్లెట్టే. (ఫోన్‌పే వచ్చాక ఆ బాధ తగ్గింది. ఆ చిల్లర చాక్లెట్లు మాత్రం అప్పుడప్పుడు యాదికొస్తాయి.)

ఇప్పుడు నేను రెండు నెలలు ఉపవాసం పట్టిన ఆ సాయంత్రం చాక్లెట్ లెక్క. రెండు ముక్కలు కలిపితే పది గ్రాములు. పాల చాక్లెట్‌లో దాదాపు సగం చక్కెర, కాబట్టి ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా. రోజంతటిలో నేను కూర్చుని, ఇష్టంగా, రుచి తెలిసి తిన్న తీపి అదొక్కటే. దాన్నే ఆపాను. తెలియకుండా పోతున్నదాన్ని పోనిచ్చాను.

అందుకే అంటున్నాను, మీరు కూడా వారం రోజులు రాసి చూడండి. మీ దొంగ చాయ్ కాకపోవచ్చు. కూల్‌డ్రింక్ కావచ్చు, ఆఫీసులో మీటింగుకొచ్చే బిస్కెట్లు కావచ్చు.

చాయ్‌లో రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, తర్వాత ఒకటి, తర్వాత అర. ఒక్కో మెట్టు దగ్గర రెండు వారాలు ఆగాను. ఒక్కసారే తగ్గిస్తే నాలుక ఒప్పుకోదు, నేను చేసి చూశాను. హోటల్ ఆయనను నాకు చక్కెర విడిగా పంపమంటే "టీచరమ్మకు షుగరొచ్చిందంట" అని ఊరంతా పాకింది, ఇద్దరు పిల్లల తల్లులు పరామర్శకు కూడా వచ్చారు. పుట్టినరోజు చాక్లెట్లన్నీ ఇప్పుడు హార్లిక్స్ సీసాలో వేస్తాను. ఎక్కాలు తప్పు లేకుండా అప్పజెప్పినవాళ్లకు అందులోంచే బహుమానం. వాళ్ల చాక్లెట్లు వాళ్లకే పోతున్నాయని ఏడో తరగతి పిల్లలు కనిపెట్టేశారు కానీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆరు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. పొద్దున నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి అంతా చాయ్ పుణ్యమే అనను. సాయంత్రం చాక్లెట్ మాత్రం మళ్లీ తెచ్చుకున్నాను.

రోజూ తీపి తినడం పట్నపు అలవాటు, మన పెద్దలు పండుగకే తినేవాళ్లు అని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. మా అవ్వను చూసినదాన్ని నేను. మా ఊరు అచ్చంపేట వైపు, బుడ్డల చేన్లు. పల్లికాయను మా దగ్గర బుడ్డలంటారు. సెలవుల్లో అవ్వ వెంట చేనుకు పోయేదాన్ని. మూడు గంటలప్పుడు కలుపు పని ఆపి యాపచెట్టు కింద కూర్చుని బొడ్ల సంచి విప్పేది. అందులో ఆకు, పోక, సున్నం డబ్బీ, చిన్న గుడ్డలో కట్టిన బెల్లం. పోకచెక్కంత ముక్క. అది ఒక్కసారే మింగేది కాదు. నాలుగు బుడ్డలు నమలడం, బెల్లాన్ని కొస పండ్లతో ఇంత గీరుకోవడం, మళ్లీ నాలుగు బుడ్డలు. ఆ పది నిమిషాలు ఎవరు పిలిచినా పలికేది కాదు. "ఏందవ్వా, పండుగ లేదు ఏం లేదు, బెల్లం తింటున్నవ్?" అని ఒకసారి అడిగాను. "పండుగ నాడు అందరికి పెట్టి మిగిల్తె తినాలె బిడ్డా. గిది నా వంతుది" అన్నది. నాకు ఇంత గీకి పెట్టి, "మీ అమ్మకు జెప్పకు" అని కూడా అన్నది.

ఉగాదికి భక్ష్యాలు, సంక్రాంతికి అరిసెలు, బతుకమ్మకు మలీద ముద్దలు, ఇవన్నీ ఆమె చేతి మీదనే అయ్యేవి. అయినా ఇంట్లో తీపి లెక్కల్లోకి ఆ బెల్లం ముక్క ఎప్పుడూ రాలేదు. సాయంత్రం నేను చాక్లెట్ విప్పినప్పుడు అవ్వే గుర్తొస్తుంది. అట్లాగని అవ్వ తిన్నది కదా, బెల్లమైతే ఏం కాదు అనుకోవద్దు. బెల్లం కూడా లెక్కకు చక్కెరే. ఆమె పొద్దంతా వంగి కలుపు తీసేది, నేను కుర్చీలో కూర్చుని హాజరు పట్టీ రాస్తాను.

ఏది కొనాలని కూడా అడిగారు. రేపర్ వెనక పదార్థాల పట్టీ చూడండి. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. కోకో సాలిడ్స్, కోకో బటర్ అని ఉంటే అది చాక్లెట్. కోకో బటర్ లేకుండా హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది వనస్పతి లాంటి కొవ్వుతో చేసిన సరుకు, నాలుక మీద మైనం పూసినట్టు ఉంటుంది. రోజుకు రెండు ముక్కలే తినేటప్పుడు ఆ మైనం ఎందుకు చెప్పండి. డార్క్ చాక్లెట్ మీద కోకో 55 శాతం అని ఉంటే మిగిలిన 45లో ఎక్కువ భాగం చక్కెరే. "డార్క్ కదా, మందు లాంటిది" అని సగం బార్ తినేవాళ్లను చూశాను. నాకు 55 సరిపోతుంది, 70 ఒకసారి తెస్తే ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

ఆ చేదు ఎక్కడిదో నాకు ఏలూరు వైపు ఒక పెళ్లికి పోయినప్పుడు తెలిసింది. అక్కడ కొబ్బరి తోటల్లో నీడన కోకో వేస్తారు. దేశంలో కోకో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే. ఒకాయన కాయ కొట్టి చేతిలో పెట్టాడు. లోపల గింజ గింజకూ తెల్ల గుజ్జు, అచ్చం సీతాఫలం! జడ్చర్ల, షాద్‌నగర్ మధ్య బాలానగర్ ఉంది కదా, సీతాఫలంలో ఒక రకానికి ఆ ఊరి పేరే. దసరా రోజుల్లో ఆ రోడ్డు పక్కన గంపలు చూసి పెరిగినదాన్ని, వెంటనే చప్పరించాను. పుల్లపుల్లగా, తియ్యగా ఉంది. గింజ కొరికితే మాత్రం చేదు విషం. ఆ గుజ్జుతో సహా గింజల్ని వారం దాకా కుప్పపోసి పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తే తప్ప మనం ఎరిగిన వాసన రాదట. సీతాఫలం దొరికే ఆ రెండు నెలలూ నేను చాక్లెట్ కొనను.

మన ఎండల సంగతి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో పెట్టగానే కరిగేది అందుకే. మే నెలలో పాలమూరులోనైనా నల్లగొండలోనైనా 42, 43 మామూలు కాబట్టి బ్యాగులోనే కరుగుతుంది. కరిగి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర వస్తుంది. అది బూజు కాదు, కొవ్వు పైకి తేలింది అంతే. తినొచ్చు, రుచి మాత్రం దిగుతుంది. ఎండాకాలం ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. ఊరికే పెట్టకుండా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి, లేకుంటే పక్కనున్న ఉల్లిగడ్డ వాసన పడుతుంది. బయటికి తీశాక పావుగంట ఆగి మూత తెరవండి. చల్లటి చాక్లెట్ మీద చెమ్మ పడితే చక్కెర కరిగి పైన గరుకు పొర కడుతుంది. చల్లగా తింటే రుచి కూడా సగమే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉంటే ఇది చదవండి. నాయన కంట పడకుండా నేను చాక్లెట్ బియ్యం డబ్బాలో దాచేదాన్ని. ఒకరోజు ఆయన అంగీ జేబులో రేపర్ దొరికింది. దాచితే దొంగచాటుగా తింటున్నాడని డాక్టర్‌నే అడిగాం, ఆయన మందులు చూసి ఆదివారం అన్నం తిన్నాక ఒక్క ముక్కకు ఒప్పుకున్నారు. మీ వాళ్లకు ఎంతో మీ డాక్టర్నే అడగండి. ఇంకో సంగతి, ఎండలో పొలం పోయొచ్చి నాయనకు షుగర్ పడిపోయి చేతులు వణికితే నేను కంగారులో చాక్లెట్ పెట్టాను. అది తప్పట. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి నిమ్మళంగా ఎక్కుతుంది. అప్పుడు మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. షుగర్ ఇంకా పెరగకపోతే ఇంకోసారి అట్లనే ఇవ్వాలి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పోవాలి.

కుక్క ఉంటే దానికి చాక్లెట్ అసలు పెట్టకండి, వాటికి విషం.

ఇంట్లో వాళ్ల నవ్వు గురించి అడిగారు కదా. మా అత్తమ్మ కూడా మొదట్లో నవ్వింది. ఒక ముక్క పెడితే "మందు లెక్క చేదున్నది, దీనికి పైసలు పెట్టి కొంటవా" అని ఉమ్మేసినంత పని చేసింది. మొన్న ఆమె బీరువా సదురుతుంటే చీరల కింద స్టీలు డబ్బా, దాంట్లో నువ్వుల ముద్దలు. ఏందత్తమ్మా ఇవి అంటే, రోజూ పగటీలి పడుకునే ముందు ఒకటి తింటదట, ఎన్నేళ్ల నుంచో. చాయ్‌లో మాత్రం ఇప్పటికీ మూడు చెంచాలే. అది తగ్గించుకో అని మెల్లగా చెప్పి చూశాను. "నీ చాక్లెట్ నువ్వు తినుపో" అన్నది.