రోడ్డు లెక్క అడిగితే కేసు పెడతారా?

ప్రశ్న: మాది అంబర్‌పేట. మా గల్లీలో వేసిన సీసీ రోడ్డు ఆరు నెలలు తిరక్కుండానే కంకర తేలింది. ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మన పన్నుల డబ్బు ఏమైంది? కాంట్రాక్టరు, మా లీడరు కలిసి పర్సంటేజీలు పంచుకున్నారు" అని రాశాను. ఆ లీడరు అనుచరుడు ఇంటికొచ్చి, పోస్టు తీసేయకపోతే పోలీసు కేసు పెడతామన్నాడు. ఖర్చెంతయిందని ఆఫీసులో అడిగితే "నీకెందుకు" అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పండి. ప్రజల డబ్బుతో చేసిన పని బాగాలేదని రాయడం నేరం కాదు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన హక్కు అది. ఆన్‌లైన్ రాతల మీద ఎడాపెడా వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది.

మిగిలేది పరువు నష్టం. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం. అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దీని మీద దర్యాప్తు చేయకూడదు. పైగా ఫిర్యాదు చేయాల్సింది పరువు పోయిందనుకునే మనిషే గానీ ఆయన వెంట తిరిగేవాళ్లు కాదు. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు రాజకీయ పోస్టుల మీద పెట్టిన కేసులను కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా అని ముందు చూడాలని, ఘాటుగా రాసినంత మాత్రాన యాంత్రికంగా ఎఫ్ఐఆర్ కట్టకూడదని చెప్పింది. విద్వేషం, అల్లర్లు రేపారనే సెక్షన్లు పెట్టాలంటే ఆ రాతలో అలా రెచ్చగొట్టే అంశం పైకి కనిపించాలి. మీ పోస్టులో అలాంటిదేమీ లేదు.

అయితే మీరు రాసినదాంట్లో ఒక్క వాక్యం నాకు నచ్చలేదు. "డబ్బు ఏమైంది" అన్నది ప్రశ్న. ప్రజా పదవిలో ఉన్నవారి పనితీరు మీద మంచి ఉద్దేశంతో చెప్పే అభిప్రాయానికి 356లోనే మినహాయింపు ఉంది. "పర్సంటేజీలు పంచుకున్నారు" అన్నది అభిప్రాయం కాదు, ఆరోపణ. ఆయన కోర్టుకు వెళితే, అది నిజమనీ, ప్రజల మేలు కోసమే రాశాననీ మీరే రుజువు చేసుకోవాలి. ఈ రోజు మీ చేతిలో కాగితం లేదు. కాబట్టి ఆ వాక్యం ఒక్కటి తీసేయండి. పోస్టు, ఫొటోలు అలాగే ఉంచండి. ఫోన్‌లో ఉన్న అసలు ఫొటోలు జాగ్రత్త, తేదీలు వాటిలోనే ఉంటాయి.

ఇక ఆ కాగితం సంపాదించే దారి సమాచార హక్కు చట్టం. "నీకెందుకు" అనే అధికారం ఏ ఆఫీసుకూ లేదు. దరఖాస్తుదారుడు కారణం చెప్పనక్కర్లేదని 6(2) సెక్షన్ స్పష్టంగా అంటోంది. మీ సర్కిల్ మున్సిపల్ ఆఫీసు ఇంజనీరింగ్ విభాగం ప్రజా సమాచార అధికారి పేరిట తెల్లకాగితం మీద రాసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.

చాలామంది పొరపడేది అడిగే తీరులోనే. "రోడ్డు ఎందుకు పాడైంది" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. రికార్డు అడగాలి. ఆ పని ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు, ఎం-బుక్ (కొలతల పుస్తకం), క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు, వీటి నకళ్లు కావాలని రాయండి. అన్నింటిలోకీ ఎం-బుక్ ముఖ్యం. ఎంత పొడవు, ఎంత మందం వేశారని కొలిచి ఇంజనీరు సంతకం చేసేది అందులోనే. అందులో ఆరు అంగుళాలని ఉండి గల్లీలో మూడే ఉంటే, ఇక మీరు ఎవరినీ తిట్టాల్సిన పనే లేదు. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఎంతో కూడా చూడండి. ఆ గడువులోపు పాడైతే కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగుచేయాలి.

ఇంకో మాట, ఇది లాయర్లు కూడా తక్కువగా వాడతారు. చట్టం 2(జె) సెక్షన్ ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన మెటీరియల్ నమూనాలు ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా మీకు హక్కుంది. దరఖాస్తులోనే అది కూడా అడగండి.

జవాబుకు 30 రోజుల గడువు. దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వకపోయినా, అరకొరగా ఇచ్చినా 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కమిషన్ దగ్గర ఆలస్యం మాత్రం తప్పదు. రెండేళ్లకు పైగా కమిషనర్లే లేక, 2025 మేలో గానీ కొత్త నియామకాలు జరగలేదు. ఆ కాలమంతా సామాన్యుల అప్పీళ్లు పేరుకుపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మొదటి అప్పీలును గట్టిగా, పేజీ పేజీకీ రుజువులు జతచేసి వేయండి.

స్టేషన్ నుంచి ఫోన్ వస్తే మర్యాదగా మాట్లాడి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 35(3) కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వమనండి. వాట్సాప్‌లో పంపే నోటీసు చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి నోటీసు అందితే మాత్రం తప్పించుకోవద్దు, లాయరును వెంటబెట్టుకొని వెళ్లండి.

ఆ అనుచరుడు కేసు పెడతానన్నంత వరకు అది నేరం కాదు, అది అతని ఇష్టం. కొడతాం, ఇల్లు ఖాళీ చేయిస్తాం అన్నాడంటే అది న్యాయ సంహిత 351వ సెక్షన్ కిందికొచ్చే నేరపూరిత బెదిరింపు. అప్పుడు తేదీ, టైము, పక్కన ఎవరున్నారో రాసిపెట్టుకొని 112కు ఫోన్ చేయండి, ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.