నీస్‌కు అమ్మానాన్నలతో వెళ్తున్నారా? ముందు చెప్పుల సంగతి చూడండి

జూన్‌లో అమ్మానాన్నలను తీసుకుని నాలుగు రోజులు ఫ్రాన్స్‌లోని నీస్‌కు వెళ్తున్నామని, ఇద్దరూ శాకాహారులని, ఎక్కడ దిగాలో, తిండి ఎలాగో చెప్పమని ఒకరు నన్ను అడిగారు. 2023 సెప్టెంబరులో నేను మా అమ్మానాన్నలతో అక్కడ ఐదు రోజులు ఉన్నాను. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఏది ఇబ్బంది పెట్టిందో, ఏది హాయినిచ్చిందో అదే చెబుతాను.

మాది విశాఖ. సముద్రమంటే అమ్మకు ఇసుకే. మొదటి సాయంత్రం చెప్పులు చేత్తో పట్టుకుని ఉత్సాహంగా తీరానికి మెట్లు దిగింది. నీస్ తీరంలో ఇసుక లేదు. బూడిదరంగు గులకరాళ్లు, కొన్ని కోడిగుడ్డంత, కొన్ని అరచేయంత. నాలుగడుగులకే పాదాలు మండాయి. అల వెనక్కి లాగుతుంటే కాళ్ల కింది రాళ్లు కూడా జారాయి, అమ్మ మోకాళ్ల మీద పడిపోయింది. దెబ్బ చిన్నదే కానీ ఆ తర్వాత రెండు రోజులు నీళ్ల దగ్గరికే రానంది. ముందే తెలుసుకోకపోవడం నా తప్పు. మీరు మాత్రం గట్టి రబ్బరు అడుగు ఉన్న నీటి బూట్లు ఇక్కడే ముగ్గురికీ కొనుక్కుని వెళ్లండి. ఇంకో మాట, అక్కడ ఒడ్డు నుంచి కొద్ది అడుగులకే లోతు వచ్చేస్తుంది. ఈత రానివాళ్లను ఒంటరిగా దిగనివ్వకండి.

బస కోసం మసేనా కూడలి చుట్టుపక్కల గానీ, జాన్ మెద్‌సాన్ వీధి దగ్గర గానీ చూడండి. విమానాశ్రయం నుంచి రెండో నంబరు ట్రామ్ నేరుగా ఊళ్లోకి వస్తుంది, టాక్సీ అక్కర్లేదు. ట్రామ్ ఎక్కిన వెంటనే లోపలి యంత్రం దగ్గర టికెట్ చూపించాలి. జేబులో ఉంది కదా అని కూర్చుంటే జరిమానా పడుతుంది. పాత ఊరి సందులు చాలా అందంగా ఉంటాయి, కానీ అక్కడి పాత ఇళ్లలో చాలా వాటికి లిఫ్టు ఉండదు. గది తీసుకునే ముందు లిఫ్టు, ఏసీ ఉన్నాయో లేదో అడగండి.

ఇక తిండి. నాన్నకు షుగరు ఉంది. రెండో రోజు మ్యూజియం చూసి మధ్యాహ్నం మూడింటికి భోజనానికి బయలుదేరితే ఎక్కడా వంట లేదన్నారు. అక్కడ చాలా హోటళ్లు మధ్యాహ్నం రెండు, రెండున్నరకు వంటగది మూసేస్తాయి, మళ్లీ రాత్రి ఏడింటికే తెరుస్తాయి. నాన్నకు చెమటలు పట్టడం చూసి నాకు చేతులు వణికాయి. సంచిలో ఉన్న రెండు అరటిపళ్లే ఆదుకున్నాయి. అందుకే ఉదయాన్నే కూర్ సలేయా సంతకు వెళ్లి పళ్లు కొని దగ్గర ఉంచుకోండి. సోమవారం మాత్రం అక్కడ పూలు, పళ్లకు బదులు పాత సామాన్లు అమ్ముతారు.

ఆ ఊళ్లో మనవాళ్లకు దొరికే వరం సోకా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. పైన మిరియాల పొడి చల్లి కాగితంలో పెట్టి ఇస్తారు. అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని "ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేస్తే మన శనగపిండి అట్టే కదరా" అంది. మూడు రోజులు అదే తిన్నాం. గుమ్మడి జాతి పూలతో వేసే బజ్జీలు కూడా బాగుంటాయి. పిస్సలదియేర్ చూడటానికి ఉల్లిపాయల రొట్టెలా ఉంటుంది కానీ అందులో చిన్న చేపలు వేస్తారు, నీస్ సలాడ్‌లోనూ చేప ఉంటుంది. "సాం వియాంద్, సాం ప్వాసోన్, సాం జాంబోన్" అని కాగితం మీద రాసుకుని చూపించండి. మాంసం, చేప, పంది మాంసం వద్దని. మూడోది విడిగా చెప్పాలి, కొందరు దాన్ని మాంసం లెక్కలో వేయరు. ఏ దుకాణంలోకి వెళ్లినా ముందు "బోంజూర్" అనండి, ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది. "కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు, అవి నిశ్చింతగా తాగవచ్చు.

చిత్రకారులు చాగాల్, మతీస్ పేర్ల మీదున్న మ్యూజియంలు మంగళవారం మూసి ఉంటాయి. కోట కొండకు ఉచిత లిఫ్టు ఉంది కాబట్టి పెద్దవాళ్లు సులువుగా పైకి వెళ్లవచ్చు. పైన కోట ఉండదు, 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కూల్పించాడు. కానీ ఊరంతా, తీరం వంపు మొత్తం అక్కడి నుంచే కనిపిస్తుంది. మధ్యాహ్నం సరిగ్గా 12కు ఫిరంగి పేలిన చప్పుడు వస్తుంది, అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి. జూన్‌లో తొమ్మిది దాటాకే పొద్దు గుంకుతుంది. ఎండ తగ్గాక ప్రొమెనాద్ మీద, అంటే తీరం వెంబడి నడకదారిలో, నీలం కుర్చీల్లో కూర్చోబెట్టండి, వాటికి డబ్బు కట్టక్కర్లేదు.

వీసా కోసం తీసుకునే బీమాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు వర్తించాలి. అయితే చాలా పాలసీల్లో ముందునుంచీ ఉన్న షుగరు, బీపీ కలవవు. అమ్మానాన్నల పాలసీలో ఆ పేజీ చదివి సంతకం చేయండి.

నాలుగు రోజుల్లో మొనాకో, కాన్, ఆంటీబ్ అన్నీ చుట్టేయాలనుకోకండి. ఒక్క పూట మాత్రం రైలెక్కి పక్క ఊరు విల్‌ఫ్రాంష్‌కు వెళ్లండి, పది నిమిషాల్లోపే దిగిపోతారు. స్టేషన్ కిందే తీరం. అక్కడ ముతక ఇసుక, అల కూడా నెమ్మది. నాలుగో రోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని మళ్లీ నీళ్లలోకి దిగింది అక్కడే. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పక్కన కూర్చోబెట్టండి, సముద్రం అటే.