ఏం మింగాడో తెలియనప్పుడు

అమ్మాయీ,

మొన్న ఫోన్లో "వాడు ఏదో నోట్లో పెట్టుకున్నాడు పిన్నీ, అదేంటో అని గంటసేపు ఇల్లంతా వెతికాం" అన్నావు చూడు, ఆ గంట గురించే ఈ ఉత్తరం. పిల్లల వార్డులో నర్సుగా చేసినన్నాళ్లూ చూశాను, ఏం మింగాడో తేలాక బయలుదేరదాం అనుకున్నవాళ్లే ఆలస్యంగా వచ్చేవాళ్లు.

డాక్టరుకి ముందు కావలసింది విషం పేరు కాదు. ఊపిరి, గుండె వేగం, స్పృహ, కంటిపాపలు, రక్తంలో షుగరు చూసి వైద్యం మొదలుపెట్టేస్తారు. కంటిపాప సూదిమొనంత అయిపోయి, చొంగా చెమటా కారుతుంటే పురుగుమందేమో అని వాళ్లకే అనుమానం వస్తుంది.

నోట్లో ఇంకా కనిపిస్తుంటే తీసెయ్. ఒంటిమీద పడితే బట్టలు విప్పి కడుగు, కంట్లో పడితే పావుగంటైనా నీళ్లు పోస్తూనే ఉండు. మత్తుగా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా వెంటనే అంబులెన్స్.

వాంతి మాత్రం చేయించకు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే. కిరసనాయిలు లాంటిదైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ అయితే పైకొస్తూ గొంతుని రెండోసారి కాలుస్తుంది, ఇక ఉప్పునీళ్లంటావా, అవే ప్రాణం మీదికి తెస్తాయి. పాలూ నూనే కూడా విరుగుడు కావు.

ఒకళ్లు బిడ్డని ఎత్తుకుంటే ఇంకొకళ్లు ఒక సంచిలో దగ్గర దొరికిన సీసాలు, మాత్రల అట్టలు, చెత్తబుట్టలోవి కూడా, వాంతి అంటిన బట్టతో సహా వేసుకోండి. అట్టలో ఎన్ని తగ్గాయి, వాడు మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎన్నింటికి చూశారు, ఇంట్లో ఎవరెవరు ఏ మందులు వాడతారు, ఇవన్నీ చెప్పు. మీ అత్తగారి మాత్రలనీ, చుట్టాల హ్యాండ్‌బ్యాగ్ అనీ మొహమాటపడి దాచకు. పక్కన ఆడుకున్న ఇంకో పిల్ల ఉంటే ఆమెనీ తీసుకెళ్లు.

బాగానే ఆడుకుంటున్నాడు కదా అని వెనక్కి రాకు. పారాసెటమాల్ మొదట్లో ఏమీ కనబడనివ్వదు, ఐరన్ మాత్రలు వాంతులు తగ్గి తేరుకున్నట్టు అనిపించాక మళ్లీ దెబ్బతీయగలవు, కొన్ని షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా చాలా గంటల తర్వాత రక్తంలో షుగరు పడిపోవచ్చు. రాత్రికి ఉంచమంటే ఉంచు. బటన్ బ్యాటరీ, అదే బిళ్లలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ, అని ఏమాత్రం అనుమానమున్నా ఎక్స్‌రే అడుగు, అది 2 గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చగలదు.

మందు మోతాదు బరువుని బట్టే కాబట్టి వాడి బరువెంతో ఇవాళే చూసి ఫోన్లో రాసిపెట్టుకో, విష సమాచార కేంద్రం నంబరు పక్కనే.

మీ పిన్ని