కుందేళ్లలో ఫలించిన సిఫిలిస్ టీకా మనదాకా ఎందుకు రాలేదు?

ప్రశ్న: సిఫిలిస్ సోకకుండా కుందేళ్లను టీకాతో కాపాడగలిగారని ఎక్కడో చదివాను. నిజమైతే మనుషులకు ఆ టీకా ఎందుకు రాలేదు? పెన్సిలిన్ ఉండగా అసలు టీకా అవసరమేమిటి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చదివింది నిజమే. అమెరికాలో జేమ్స్ మిల్లర్ అనే శాస్త్రవేత్త, లైంగిక సంబంధాల ద్వారా సోకే సుఖవ్యాధి అయిన సిఫిలిస్ క్రిములను గామా కిరణాలతో బలహీనపరచి, వాటినే కుందేళ్లకు టీకాగా ఇచ్చి, ఆ ఫలితాలను 1973లో ప్రకటించారు. తరువాత మామూలు క్రిములను చర్మంలోకి ఎక్కించినా ఆ కుందేళ్లకు ఈ జబ్బు తొలి లక్షణమైన పుండు పడలేదు. రక్షణ కనీసం ఏడాదిపాటు నిలిచింది. అయితే ఇందుకోసం ఒక్కో కుందేలుకు 37 వారాల్లో 60 ఇంజెక్షన్లు, అవి కూడా రక్తనాళంలోకే, ఇవ్వవలసి వచ్చింది. అన్ని సూదులకు ఒప్పుకొనే మనిషి దొరకడన్నది అటుంచి, అన్ని క్రిములను తయారుచేయడమే అప్పట్లో పెద్ద సమస్య. ఈ క్రిమి మామూలు బాక్టీరియాలా గాజుపాత్రలో పెరగదు కాబట్టి దశాబ్దాలపాటు దానిని కుందేలు వృషణాలలోనే పెంచుతూ వచ్చారు. ప్రయోగశాలలో కుందేలు కణాల మధ్య, తక్కువ ఆక్సిజన్‌లో దీర్ఘకాలం పెంచే పద్ధతి 2018లో గాని కుదరలేదు.

క్రిమి పైపొర మహా సున్నితం. గట్టిగా కడిగినా చిరిగిపోయే ఆ పొరను చెడగొట్టకుండా క్రిమిని నిర్వీర్యం చేయగలగడమే మిల్లర్ విజయానికి ముఖ్య కారణమని నా అభిప్రాయం. పైగా ఆ పొరమీద మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టగల ప్రొటీన్లు చాలా తక్కువ. ఉన్నవాటిలో టీపీఆర్‌కే అనేది పగటివేషగాడిలా రూపం మార్చుకుంటూ ఉంటుంది.

అందుకే ఇప్పుడు మొత్తం క్రిమిని కాక, ఎంపిక చేసిన ప్రొటీన్లను పరీక్షిస్తున్నారు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన కరోలిన్ కామెరాన్ బృందం, క్రిమి రక్తనాళాల గోడలకు అతుక్కోవడానికి తోడ్పడే టీపీ0751 అనే ప్రొటీన్‌ను కుందేళ్లకు టీకాగా ఇచ్చి 2017లో ఫలితాలు ప్రచురించింది. పుండ్లు పూర్తిగా ఆగలేదు, తీవ్రత మాత్రం తగ్గింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: ఆ కుందేళ్ల ఒంట్లో క్రిమి పాకితే చేరే శోషరస గ్రంథుల (లింఫ్ గ్రంథుల) నుంచి తీసిన పదార్థాన్ని ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లకు ఎక్కిస్తే వాటికి జబ్బు సోకలేదు. అంటే క్రిమి ఒళ్లంతా పాకకుండా టీకా అడ్డుకోగలిగిందన్నమాట. మనుషులలో వాడుకకు అనుమతి పొందిన టీకా మాత్రం ఇంకా ఏదీ లేదు.

ఇక పెన్సిలిన్ సంగతి. అది జబ్బును నయం చేస్తుంది గాని మళ్లీ సోకకుండా కాపాడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 15–49 ఏళ్లవారిలో దాదాపు 80 లక్షల మందికి కొత్తగా సిఫిలిస్ సోకింది. గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకు కూడా ఇది సోకుతుంది కనుక, టీకా వచ్చేదాకా గర్భం తెలిసిన వెంటనే చేయించే రక్తపరీక్షే ఆ బిడ్డకు రక్షణ.